రెండు సబ్‌నెట్‌ల మధ్య డెస్క్‌టాప్: స్టాటిక్ రూట్, న్యాట్, బ్రిడ్జ్, విడి రౌటర్‌లలో ఏది ఎప్పుడు?

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ కేంద్రాలలోనూ, హిమాయత్‌నగర్ ఆడిటర్ల ఆఫీసులలోనూ, చిన్న నర్సింగ్ హోముల్లోనూ ఒకే రకమైన అమరిక తరచుగా కనిపిస్తుంది. పై అంతస్తులో ఆఫీసు, అక్కడే ఫైబర్ కనెక్షన్ రౌటర్ ఉంటాయి. కింది అంతస్తులో ల్యాబ్ గానీ, కెమెరాలు, వేలిముద్ర హాజరు యంత్రం గానీ వేరే నెట్‌వర్క్‌లో ఉంటాయి. ఈ వ్యాసంలో ఉదాహరణకు ఒక శిక్షణ కేంద్రాన్ని తీసుకుందాం. ఆఫీసు సబ్‌నెట్ (ఒకే చిరునామాల వరుసలోని యంత్రాల గుంపు) 192.168.1.0/24, దాని రౌటర్ 192.168.1.1. ల్యాబ్ సబ్‌నెట్ 192.168.2.0/24. రెండింటి మధ్య రెండు ల్యాన్ కార్డులున్న డెస్క్‌టాప్ ఒకటి ఉంది. ఆఫీసు వైపు దాని చిరునామా 192.168.1.10, ల్యాబ్ వైపు 192.168.2.1. రెండు వైపుల యంత్రాలకూ డెస్క్‌టాప్ అందుతోంది, కానీ ల్యాబ్ యంత్రానికి ఆఫీసు ప్రింటర్ అందదు, ఆఫీసు యంత్రానికి ల్యాబ్‌లోని కెమెరా అందదు.

దీనికి నాలుగు దారులున్నాయి: ఆఫీసు రౌటర్‌లో స్టాటిక్ రూట్ (చేతితో రాసిన స్థిరమైన దారి) రాయడం, డెస్క్‌టాప్ మీద న్యాట్ (ల్యాబ్ చిరునామాలను డెస్క్‌టాప్ చిరునామా వెనుక దాచడం) పెట్టడం, రెండు కార్డులనూ బ్రిడ్జ్ చేసి నెట్‌వర్క్‌లను కలిపేయడం, డెస్క్‌టాప్‌ను తప్పించి ఆ పనికి విడిగా ఒక చిన్న రౌటర్ కొనడం. ఈ నాలుగింటిలో ఏది మేలో తేల్చడానికి వేగమూ ధరా పెద్దగా పనికిరావు. తేల్చేవి రెండు ప్రశ్నలు. ఆఫీసు రౌటర్ సెట్టింగుల్లో ఒక రూట్ రాసే వీలు మీకుందా? సంభాషణను ఎవరు మొదలుపెడతారు, ఎప్పుడూ ల్యాబ్ వైపు నుంచేనా, లేక ఆఫీసు నుంచి కూడా ల్యాబ్‌లోని యంత్రాలను పిలవాలా?

ముందుగా ప్యాకెట్ ఎక్కడ ఆగుతోందో చూడండి

దారి ఎంచుకోకముందే పరీక్ష ఎందుకంటే, చాలా చోట్ల డెస్క్‌టాప్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, తప్పు వేరే చోట ఉంటుంది. అలాంటప్పుడు న్యాట్ పెడితే పని జరిగినట్టే కనిపిస్తుంది గాని అసలు లోపం అలాగే మిగిలిపోతుంది.

ల్యాబ్ యంత్రం నుంచి మొదట 192.168.2.1ని పింగ్ చేయండి, అంటే జవాబు కోరే చిన్న ప్యాకెట్ (డేటా ముక్క) పంపండి. జవాబు రాకపోతే కేబుల్, స్విచ్, చిరునామాల దగ్గరే ఆగి వాటిని సరిచేయాలి. తర్వాత చాలామంది 192.168.1.10ని పింగ్ చేసి, జవాబు వచ్చింది కనుక రూటింగ్ నడుస్తోందని అనుకుంటారు. డెస్క్‌టాప్‌లో లినక్స్ ఉంటే ఈ పరీక్ష ఏమీ రుజువు చేయదు. తన చిరునామాలలో దేనికి వచ్చిన పింగ్‌కైనా, అది ఏ కార్డు మీదుగా వచ్చినా, లినక్స్ తానే జవాబిస్తుంది. ప్యాకెట్‌ను ఒక కార్డు నుంచి మరో కార్డుకు దాటించాల్సిన అవసరమే అక్కడ రాలేదు. విస్టా నాటి నుంచి విండోస్ ఇందులో కఠినంగా ఉంటుంది కాబట్టి, ఫార్వర్డింగ్ (ఒక కార్డు మీద వచ్చిన ప్యాకెట్‌ను మరో కార్డుకు దాటించడం) లేనప్పుడు ఇదే పింగ్ విఫలం కావచ్చు. అందుచేత నమ్మదగిన పరీక్ష ఒక్కటే: ల్యాబ్ యంత్రం నుంచి ఆఫీసులోని మరో యంత్రాన్ని, ఉదాహరణకు 192.168.1.50ని, పింగ్ చేస్తూ డెస్క్‌టాప్ మీద రెండు కార్డులనూ గమనించడం. కార్డు మీద వచ్చిపోయే ప్యాకెట్లను చూపే ప్రోగ్రాములు, లినక్స్‌లో టీసీపీడంప్, విండోస్‌లో వైర్‌షార్క్, ఇందుకు సరిపోతాయి.

ల్యాబ్ కార్డు మీద పింగ్ వచ్చి, ఆఫీసు కార్డు మీద బయటికి వెళ్లకపోతే తప్పు డెస్క్‌టాప్‌దే. లినక్స్‌లో ఐపీ ఫార్వర్డింగ్ మామూలుగా ఆపి ఉంటుంది. ఆ కెర్నెల్ అమరికను 0 నుంచి 1కి మార్చాలి. విండోస్‌లో రిజిస్ట్రీలో టీసీపీఐపీ పారామీటర్ల కింద ఉండే ‘ఐపీ ఎనేబుల్ రౌటర్’ విలువను 1 చేసి యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలి. ఫార్వర్డింగ్ ఉన్నా ప్యాకెట్ దాటకపోతే ఫైర్‌వాల్‌ను అనుమానించండి. ఉబుంటు లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఆన్ చేసి ఉంటే ఫార్వర్డ్ అయ్యే ప్యాకెట్లను అది మామూలుగా పారేస్తుంది. అదే డెస్క్‌టాప్ మీద విద్యార్థుల కోసం డాకర్ (ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసి ఉంటే, అది కూడా ఫార్వర్డ్ విధానాన్ని ‘డ్రాప్’కు మార్చే అవకాశం ఉంది. నిన్నటిదాకా నడిచిన రూటింగ్ ఈ రోజు ఎవరూ ముట్టుకోకుండానే ఆగిపోయిందని వినిపించినప్పుడు ముందు అడగవలసిన ప్రశ్న, ఆ యంత్రం మీద కొత్తగా ఏం ఇన్‌స్టాల్ చేశారన్నదే.

పింగ్ ఆఫీసు కార్డు మీదుగా బయటికి వెళ్లి, జవాబు మాత్రం రాకపోతే డెస్క్‌టాప్ నిర్దోషి. 192.168.1.50కి పింగ్ అందింది, జవాబు 192.168.2.x కి పంపాలి. ఆ సబ్‌నెట్ ఎక్కడుందో దానికి తెలియదు కనుక తన గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకు వెళ్లే ద్వారం) అయిన 192.168.1.1కి ఇచ్చింది, రౌటర్‌కూ తెలియదు కనుక దాన్ని ఇంటర్నెట్ వైపు తోసింది, లేదా పారేసింది. నా అంచనాలో ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. వెళ్లే దారి అందరూ రాస్తారు, తిరిగి వచ్చే దారి ఎవరూ రాయరు.

ఈ పరీక్షలోనే రెండు చిన్న విషయాలు కూడా చూసుకోవాలి. డెస్క్‌టాప్‌లో ఒక్క కార్డుకే, అంటే ఆఫీసు వైపు కార్డుకే, డిఫాల్ట్ గేట్‌వే ఉండాలి. ల్యాబ్ కార్డుకు ఆ గడి ఖాళీగా వదలాలి. రెండింటికీ గేట్‌వే ఇస్తే ఒకసారి పనిచేసి మరొకసారి పనిచేయని నెట్‌వర్క్ తయారవుతుంది. రెండోది, రెండు వైపులా ఒకే సబ్‌నెట్ ఉండకూడదు. రెండు కనెక్షన్ల రౌటర్లూ 192.168.1.1తోనే వస్తే, ఒక వైపు చిరునామాలు మార్చేదాకా ఏ రూటింగూ సాధ్యం కాదు. జియో ఫైబర్ రౌటర్లు 192.168.29.1తో వస్తాయి కనుక అక్కడ ఈ ఢీ సాధారణంగా రాదు.

స్టాటిక్ రూట్: వీలుంటే ఇదే

ఆఫీసు రౌటర్‌లో ‘గమ్యం 192.168.2.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.10’ అని ఒక్క వరుస రాస్తే ఆఫీసులోని ప్రతి యంత్రానికీ ల్యాబ్‌కు దారి తెలుస్తుంది. రెండు వైపుల నుంచీ ఎవరైనా ఎవరినైనా పిలవవచ్చు, ప్రతి యంత్రమూ తన అసలు చిరునామాతోనే కనిపిస్తుంది, కెమెరా రికార్డర్ లాగ్‌లో ఎవరు చూశారో తెలుస్తుంది. డెస్క్‌టాప్‌కు 192.168.1.10 శాశ్వతంగా ఉండేలా రౌటర్‌లో రిజర్వేషన్ చేయడం గానీ, చేతితో చిరునామా ఇవ్వడం గానీ తప్పనిసరి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన తర్వాత చిరునామా మారి, రూట్ ఎవరూ లేని చోటుకు చూపుతూ ఉంటుంది.

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. దాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే దీని లక్షణాలు మనిషిని పూర్తిగా తప్పుదారి పట్టిస్తాయి: ఆఫీసు నుంచి ల్యాబ్‌కు పింగ్ చక్కగా వెళ్తుంది, ట్రేస్‌రూట్ (దారిలోని మజిలీలను చూపే పరీక్ష) సరిగ్గా కనిపిస్తుంది, కానీ కెమెరా వెబ్ పేజీ తెరుచుకోదు, షేర్డ్ ఫోల్డర్ తిరుగుతూనే ఉంటుంది. కారణం, వెళ్లే దారీ వచ్చే దారీ వేరు కావడమే. ఆఫీసు యంత్రం ప్యాకెట్‌ను తన గేట్‌వే అయిన రౌటర్‌కు ఇస్తుంది. రౌటర్ దాన్ని అదే నెట్‌వర్క్‌లోని డెస్క్‌టాప్‌కు ఇస్తుంది. డెస్క్‌టాప్ ల్యాబ్‌కు చేరుస్తుంది. జవాబు వచ్చేటప్పుడు మాత్రం డెస్క్‌టాప్‌కూ ఆఫీసు యంత్రానికీ మధ్య రౌటర్ అవసరం లేదు, రెండూ ఒకే సబ్‌నెట్‌లో ఉన్నాయి కనుక జవాబు నేరుగా వెళ్తుంది. అంటే రౌటర్‌కు సంభాషణలో ఒక సగమే వినపడుతుంది. పిలుపు, జవాబు, నిర్ధారణ అనే మూడడుగులతో మొదలయ్యే టీసీపీ కనెక్షన్‌లో మొదటి పిలుపును చూసిన రౌటర్ ఫైర్‌వాల్, దానికి జవాబు కనిపించకుండానే మూడో ప్యాకెట్ వచ్చేసరికి, ఇది చెల్లని కనెక్షన్ అని పారేయవచ్చు. పింగ్‌లో ఈ మూడడుగుల ఒప్పందం ఉండదు కనుక అది సాఫీగా సాగుతుంది. ల్యాబ్ నుంచి మొదలైతే ఇంకో రకం: పిలుపు రౌటర్‌ను తాకకుండానే ఆఫీసు యంత్రానికి చేరుతుంది, జవాబు మాత్రం రౌటర్ మీదుగా వెళ్లి, పిలుపు ఎప్పుడూ చూడని ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోతుంది.

ఇలాంటి రౌటర్లు డెస్క్‌టాప్ వైపు నేరుగా వెళ్లమని ఐసీఎంపీ రీడైరెక్ట్ సందేశం పంపగలవు గాని, దాన్ని కొన్ని యంత్రాలు పాటిస్తాయి, కొన్ని పట్టించుకోవు. దాని మీద ఆధారపడకూడదు. స్థిరమైన మందులు మూడున్నాయి. ల్యాబ్‌తో మాట్లాడవలసిన ఆఫీసు యంత్రాలు నాలుగైదే అయితే ప్రతిదానిలోనూ రూట్ రాయడం సులువు. విండోస్‌లో ‘రూట్ యాడ్’ కమాండ్‌కు ‘హైఫన్ పీ’ చేర్చితే రీస్టార్ట్ తర్వాత కూడా నిలుస్తుంది. యంత్రాలు ఎక్కువైతే, వాటికి చిరునామాలు పంచే డీహెచ్‌సీపీలోని 121వ ఆప్షన్ ద్వారా అందరికీ ఒకేసారి రూట్ పంచవచ్చు. 2002 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 3442 దీన్ని నిర్దేశించింది, కానీ ఫైబర్ కంపెనీలు ఇచ్చే రౌటర్ల మెనూల్లో ఈ ఆప్షన్ అరుదు. మూడోది అన్నిటికన్నా శుభ్రమైనది: రౌటర్ అనుమతిస్తే డెస్క్‌టాప్‌ను ఆఫీసు యంత్రాల నుంచి విడదీసి, రౌటర్‌కూ డెస్క్‌టాప్‌కూ మధ్య వేరే చిన్న సబ్‌నెట్ పెట్టడం. అప్పుడు రెండు దిక్కుల రాకపోకలూ రౌటర్ మీదుగానే సాగుతాయి.

మరో షరతు ఇంటర్నెట్‌కు సంబంధించినది. ల్యాబ్‌కు ఇంటర్నెట్ కూడా కావాలంటే, ఆఫీసు రౌటర్ 192.168.2.x చిరునామాలకు కూడా న్యాట్ చేయాలి. కొన్ని ఇంటి రౌటర్లు తమ సొంత సబ్‌నెట్‌కు మాత్రమే చేస్తాయి. ల్యాబ్‌కు ఆఫీసు అందుతూ, 8.8.8.8 (ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్) మాత్రం అందకపోతే ఇదే కారణమని అనుమానించవచ్చు.

న్యాట్: రౌటర్ మీ చేతిలో లేనప్పుడు

రౌటర్ పాస్‌వర్డ్ భవన యజమాని దగ్గరో, కేబుల్ వాళ్ల దగ్గరో ఉండి, రూట్ రాసే వీలే లేకపోతే న్యాట్ మంచి దారి. డెస్క్‌టాప్ ల్యాబ్ నుంచి వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ తన 192.168.1.10 చిరునామాతో బయటికి పంపుతుంది. ఆఫీసు వైపు అందరికీ అది పక్క సీటు యంత్రం లాగే కనిపిస్తుంది కనుక తిరుగుదారి సమస్యే ఉండదు, ల్యాబ్‌కు ఇంటర్నెట్ కూడా వస్తుంది. లినక్స్‌లో ఆఫీసు కార్డు మీద ఒక మాస్కరేడ్ నియమం (పంపినవారి చిరునామాను డెస్క్‌టాప్ చిరునామాగా మార్చేది) చాలు. విండోస్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ ఇదే పని చేస్తుంది గాని, అది ల్యాబ్ కార్డు చిరునామాను 192.168.137.1గా మార్చి, తానే చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. ల్యాబ్‌లోని యంత్రాలకు చేతితో 192.168.2.x ఇచ్చి ఉంటే అవన్నీ ఒక్కసారిగా దారి తప్పుతాయి.

న్యాట్‌కు అనుకోని లాభం ఒకటుంది. విండోస్ ఫైర్‌వాల్‌లో ఫైల్, ప్రింటర్ షేరింగ్ నియమాలు ప్రైవేట్ ప్రొఫైల్‌లో ‘లోకల్ సబ్‌నెట్’ నుంచి వచ్చే పిలుపులకే తలుపు తీస్తాయి. స్టాటిక్ రూట్ పద్ధతిలో ల్యాబ్ నుంచి వచ్చే పిలుపు 192.168.2.x తో వస్తుంది కనుక, రూటింగ్ అంతా సరిగ్గా ఉన్నా షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు. ఆ నియమం పరిధిలో ల్యాబ్ సబ్‌నెట్‌ను కూడా చేర్చాలి. న్యాట్‌లో పిలుపు 192.168.1.10 నుంచి వచ్చినట్టుంటుంది కనుక ఈ అడ్డంకి రాదు. ట్యాలీ డేటా ఉన్న ఫోల్డర్‌ను కింది అంతస్తు నుంచి తెరవాలన్నంత వరకే అవసరమైతే, ఈ కారణం ఒక్కటి చాలు న్యాట్ వైపు మొగ్గడానికి.

నష్టమల్లా దిక్కుదే. ఆఫీసు నుంచి ల్యాబ్‌లోని యంత్రాన్ని పిలవాలంటే ఒక్కొక్క పోర్టునూ (యంత్రంలోని ఒక్కో సేవకు ఉండే సంఖ్య) విడిగా దాటించాలి. ఒక హాజరు యంత్రం ఉందనుకుంటే, ఆ తరహా పరికరాలు చాలావరకు వాడే 4370 పోర్టును దాటించడం కష్టమేమీ కాదు. ఎనిమిది కెమెరాలుండి ప్రతిదానికీ 554 పోర్టు కావాలంటే, బయటి వైపు ఎనిమిది వేర్వేరు పోర్టు సంఖ్యలు కేటాయించి, ఆ జాబితాను ఎక్కడో రాసిపెట్టుకుని, కెమెరా మారినప్పుడల్లా సరిచూసుకోవాలి. ఆ స్థితికి వచ్చిన చోట న్యాట్‌ను పట్టుకుని వేలాడడం దండగ. పైగా ల్యాబ్‌లోని ఏ విద్యార్థి ఏం చేసినా ఆఫీసు లాగ్‌లో 192.168.1.10 అనే ఒక్క పేరే పడుతుంది.

హాజరు యంత్రాలు, కెమెరాల గురించి ఇక్కడే మరో మాట. వీటిని అమర్చేవారు చాలాసార్లు గేట్‌వే గడిని ఖాళీగా వదిలేస్తారు, ఎందుకంటే ఒకే సబ్‌నెట్‌లో పరీక్షించినప్పుడు అది లేకపోయినా పనిచేస్తుంది. స్టాటిక్ రూట్ గానీ, ఆఫీసు నుంచి పోర్టు దాటించడం గానీ పెట్టాలంటే ఆ గడిలో 192.168.2.1 ఉండాలి. మాస్క్ కూడా చూడండి: 255.255.0.0 అని ఇచ్చి ఉంటే, ఆ యంత్రం 192.168.1.x కూడా తన పక్కనే ఉందనుకుని ఏఆర్‌పీతో (సొంత నెట్‌వర్క్‌లోనే యంత్రాన్ని వెతికే పద్ధతితో) పిలుస్తూ కూర్చుంటుంది గాని గేట్‌వేకు ప్యాకెట్ ఇవ్వదు. గేట్‌వే మార్చే వీలే లేని మొండి పరికరం అయితే, ఆఫీసు నుంచి ల్యాబ్ వైపు వెళ్లే ప్యాకెట్లకు కూడా డెస్క్‌టాప్ ల్యాబ్ కార్డు మీద మాస్కరేడ్ చేయడం చివరి ఉపాయం.

బ్రిడ్జ్: రెండు సబ్‌నెట్‌లు నిజంగా కావాలా?

రెండు కార్డులనూ బ్రిడ్జ్ చేస్తే రూటింగ్ అన్న ప్రశ్నే పోతుంది, కానీ దానితోపాటు రెండు సబ్‌నెట్‌లూ పోతాయి. ల్యాబ్ యంత్రాలన్నీ ఆఫీసు రౌటర్ నుంచే చిరునామాలు తీసుకుంటాయి. ఫోన్ నుంచి ప్రింటర్ దానంతటదే కనిపించడం లాంటి సౌకర్యాలు కావాలంటే బ్రిడ్జ్‌దే పైచేయి. ఎందుకంటే ఆ వెతుకులాటకు వాడే ఎండీఎన్ఎస్ సందేశాలు 224.0.0.251 అనే చిరునామాకు వెళ్లి, ఏ రౌటర్‌నూ దాటకుండా ఆ నెట్‌వర్క్‌లోనే ఆగిపోతాయి. స్టాటిక్ రూట్, న్యాట్ రెండింటిలోనూ ప్రింటర్ చిరునామాను చేతితో టైప్ చేయవలసిందే.

అయితే బ్రిడ్జ్ అని నిర్ణయించిన వెంటనే వేసుకోవలసిన ప్రశ్న, మధ్యలో డెస్క్‌టాప్ ఎందుకని. రెండు స్విచ్‌ల మధ్య ఒక కేబుల్ లాగితే అదే పని అవుతుంది, ఆ కేబుల్ ఎప్పుడూ హ్యాంగ్ కాదు. డెస్క్‌టాప్ ఆఫీసు వైపు వైఫైతో కలిసి ఉంటే బ్రిడ్జ్ మాటే మరిచిపోవచ్చు; మామూలు వైఫై క్లయింట్ తన సొంత మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు హార్డ్‌వేర్ చిరునామా) వెనుక మరో యంత్రం ఉందని యాక్సెస్ పాయింట్‌కు చెప్పలేదు. విద్యార్థుల యంత్రాలనూ ఆఫీసు లెక్కల యంత్రాలనూ ఒకే నెట్‌వర్క్‌లో పడేయడం నేను సిఫారసు చేయను. ఇల్లు, అన్నదమ్ముల రెండు పోర్షన్లు, ఎవరి నుంచి ఎవరినీ దాచనక్కర లేదంటే మాత్రం కలిపేయడమే హాయి.

అవతలి యంత్రాల తరఫున డెస్క్‌టాపే ఏఆర్‌పీ పిలుపులకు జవాబిచ్చే ప్రాక్సీ ఏఆర్‌పీ అనే మరో పద్ధతి 1987 నాటి ఆర్ఎఫ్‌సీ 1027 నుంచీ ఉంది. పనిచేస్తుంది, కానీ రెండేళ్ల తర్వాత వచ్చే మనిషికి అక్కడ ఏం జరుగుతోందో అర్థం కాదు. వదిలేయండి.

విడి రౌటర్: డెస్క్‌టాప్‌ను తప్పించడం

డెస్క్‌టాప్ రూటింగ్ చేయలేక కాదు. గిగాబిట్ కార్డులున్న పాత యంత్రం కూడా ఈ పనిని అవలీలగా చేస్తుంది. దాని లోపం, అది రౌటర్‌గా ఉండడానికి పుట్టలేదు. ఎవరో దాని మీద కూర్చుని సాయంత్రం షట్‌డౌన్ చేసి వెళ్తారు, విండోస్ అప్‌డేట్ తన ముహూర్తానికి రీస్టార్ట్ చేస్తుంది, ఏప్రిల్ గాలివానకు కరెంటు పోయి వస్తే బయోస్‌లో ‘కరెంటు రాగానే ఆన్ కావాలి’ అన్న ఎంపిక పెట్టనందుకు అది చీకట్లో అలాగే ఉండిపోతుంది. విద్యుత్తు లెక్క కూడా చూడండి. సగటున 50 వాట్లు తీసుకునే డెస్క్‌టాప్ రోజంతా నడిస్తే 30 రోజులకు 36 యూనిట్లు. 6 వాట్ల చిన్న రౌటర్‌కు 4 యూనిట్ల పైచిలుకు. ఆ యంత్రం ఎలాగూ రోజంతా మరో పని చేస్తుంటే ఈ లెక్కకు విలువ లేదు. రూటింగ్ కోసమే ఆన్‌లో ఉంచుతుంటే మాత్రం విడి రౌటర్ తన ధరను తానే రాబట్టుకుంటుంది.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో రౌటర్ కొనేటప్పుడు ఒక్క విషయం అడిగి తెలుసుకోండి: న్యాట్‌ను ఆపేసి కేవలం రూటింగ్ చేసే వీలుందా అని. మామూలు ఇంటి రౌటర్ వ్యాన్ పోర్టును (ఇంటర్నెట్ కేబుల్ పెట్టేది) ఆఫీసు వైపు, ల్యాన్ పోర్టులను ల్యాబ్ వైపు పెడితే అది అచ్చం పైన చెప్పిన న్యాట్ పద్ధతే, చిన్న పెట్టెలో. రెండు దిక్కుల రాకపోకలు కావాలంటే మైక్రోటిక్ కంపెనీ పరికరం గానీ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్) ఎక్కించగల మోడల్ గానీ కావాలి. ఇంకా మంచి పని, ఆఫీసు రౌటర్‌నే అలాంటి దానితో మార్చి రెండు సబ్‌నెట్‌లనూ దానికే నేరుగా కలపడం. అప్పుడు స్టాటిక్ రూటూ అక్కర్లేదు, సగం సంభాషణ సమస్యా రాదు.

మన శిక్షణ కేంద్రానికి ఏది?

ఆఫీసు రౌటర్‌లో స్టాటిక్ రూట్ గడి ఉందనుకుంటే, నేను మొదట డెస్క్‌టాప్‌లో లినక్స్ ఫార్వర్డింగ్‌ను, రౌటర్‌లో ఆ ఒక్క వరుసను పెట్టి, కెమెరాలు చూసే రెండు మూడు ఆఫీసు యంత్రాల్లో విడిగా రూట్ రాస్తాను. ఆ గడి లేకపోతే, ల్యాబ్ నుంచి బయటికి వెళ్లే పనులే ఉన్నంత కాలం న్యాట్‌తో సరిపెడతాను. ఆఫీసు నుంచి ల్యాబ్‌లోకి మూడో పోర్టు దాటించవలసి వచ్చిన రోజున రౌటర్ కొనమని చెబుతాను.

ఏది ఎంచుకున్నా, అమరిక పూర్తయ్యాక డెస్క్‌టాప్‌ను ఒకసారి ఆపి ఆన్ చేసి, ఎవరూ లాగిన్ కాకుండానే ల్యాబ్ నుంచి 192.168.1.50కి పింగ్ వెళ్తోందో లేదో చూడాలి. లినక్స్‌లో ఫార్వర్డింగ్ విలువను కమాండ్‌తో మాత్రమే మార్చి, కెర్నెల్ అమరికలను దాచే సిస్‌సీటీఎల్ ఫైల్‌లో రాయకపోతే అది రీస్టార్ట్‌తో మళ్లీ 0 అవుతుంది. ఫైర్‌వాల్ నియమాలదీ అదే తంతు. న్యాట్ నుంచి స్టాటిక్ రూట్‌కు మారినప్పుడు పాత మాస్కరేడ్ నియమాన్ని తీసివేయడం కూడా మరవకూడదు. అది మిగిలి ఉంటే పనులన్నీ సాగుతూనే ఉంటాయి, కాని ల్యాబ్ యంత్రాలన్నీ ఆఫీసు లాగుల్లో ఇంకా 192.168.1.10గానే కనిపిస్తూ ఉంటాయి.